పగటిపూట ఇంట్లో ఉన్నవాళ్లు

18 ఆగస్టు 2008, గద్వాల

మా సర్వే ప్రశ్నల కాగితాలు అచ్చయి వచ్చాయి. వనపర్తి ఆఫీసులో కట్ట విప్పుతుంటే సిరా వాసన గుప్పుమంది. ఇది కూడా పడనివాళ్లు ఉంటారు కదా అనుకున్నాను. ఈ కాగితాలు వాళ్ల కోసమే. డీజిల్ పొగ, ఇంటి రంగు, ఫినాయిలు, అత్తరు, పురుగుమందు, కొత్త బట్ట. ఏదైనా కాస్త తగిలితే చాలు, తల తిరగడం, ఊపిరాడకపోవడం, వాంతి. ఒక్కొక్కదానికి బాధ ఎంతో సున్నా నుంచి పది దాకా చెప్పాలి. ప్రశ్నలు ఇంగ్లీషువి. జులై అంతా డాక్టర్ ప్రభుదాసు గారు, నేను, కంప్యూటర్ చూసే శేఖర్ కూర్చుని తెలుగు చేశాం. అంకెలు రానివాళ్ల కోసం శేఖర్ పది మెట్ల నిచ్చెన గీశాడు.

డాక్టర్ గారు మళ్లీ చెప్పారు. "తెలుగు చేయగానే అయిపోలేదమ్మా ముబషిరా. అడిగినవాళ్లనే రెండు వారాలకు మళ్లీ అడగాలి. రెండుసార్లూ దాదాపు ఒకే జవాబు వస్తేనే ఈ ప్రశ్నలను నమ్మొచ్చు. రాకపోతే ఎంత మంచి తెలుగైనా చెత్తబుట్టకే."

నాకు గద్వాల దగ్గర ధరూర్ వైపు, విత్తనం కోసమే పత్తి పండించే సీడు పత్తి ఊళ్లు ఇచ్చారు. నాగర్‌కర్నూల్, బల్మూర్ వైపు వేరేవాళ్లు.

ఇంటికి రాగానే అక్కను కూర్చోబెట్టి ప్రశ్నలు చదివాను. ఇది లెక్కలోకి రాదు, నా నోరు తిరగడానికి.

"పురుగుమందు వాసనకు?"

"ఒకటి రాయి."

"ఒకటా? ఆ వాసనకు పడిపోతున్నవనే కదక్కా బావ తెచ్చి దించిపోయిండు!"

"ఇప్పుడైతే ఏం లేదు కదనే. మంచిగున్న. అబద్ధం చెప్పమంటవా?"

మంచిగానే ఉంది. నాయిన మిషను మీద దూది ఏకుతుంటే ఆ దుమ్ములోనే కూర్చుని బొంతకు కుట్లు వేస్తోంది. పాట కూడా పాడుతోంది. ఒక్కోసారి నాకూ...

అక్క సంగతికీ ఈ పనికీ సంబంధం లేదు.

20 ఆగస్టు

అమ్మ ఈరోజు మళ్లీ ఏడ్చింది. బావ మాట తలుచుకున్నప్పుడల్లా అంతే.

బావ ముదస్సిర్‌ది నాగర్‌కర్నూల్‌లో పురుగుమందుల దుకాణం. ముందు దుకాణం, వెనక సంసారం, మధ్య గదిలో పైకప్పు దాకా డబ్బాలు. పెళ్లయిన మొదటి ఏడు అక్కకు తలనొప్పి మాత్రమే. తర్వాత వాంతులు. తర్వాత అగరుబత్తి పడలేదు, సబ్బు పడలేదు, కిరోసిన్ పడలేదు, చివరికి బావ చొక్కా పడలేదు. దవాఖానలో రక్తం, ఛాతీ అన్నీ చూసి ఏమీ లేదన్నారు. ఏమీ లేదనేసరికి అక్క అత్త 'నాటకం' అంది.

దించిపోయిన రోజు బావ గడపలో నిలబడి అన్న మాట ఇది: "రంజాన్ పండుగ దాక ఉండనీ. పండుగకొస్త, తోలుకపోత. అప్పుడు గూడ గిదే నాటకమైతే నేను వేరే సంసారం చూసుకుంట. ముందే చెప్తున్న."

ఇక్కడికి వచ్చిన వారంలోనే అక్క బాగుపడింది. అమ్మకు భయం అందుకే, నాటకమన్న మాటే నిజమంటారని. "జమీలా, జర పానం బాగలేనట్టన్న ఉండవే" అంటుంది. అక్క నవ్వుతుంది.

ఈ ప్రశ్నలు నిలబడితే డాక్టర్ గారు ఇలాంటి జబ్బు మనవాళ్లలో ఉందని కాగితం మీద రాస్తారు. ఆ కాగితం బావ ముందు పెట్టవచ్చు. ఒకవేళ అక్కది అదే అయితే.

22 ఆగస్టు

మొదటి ఊరు. పూలు చేత్తో కలిపే క్రాసింగ్ రోజులు కాబట్టి ఊరు ఊరంతా చేనులోనే. సాయంత్రం మొగ్గలు ఒలవడం, పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దడం. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి నేనూ చేశాను. పదకొండింటికి వెళ్తే వీధులు ఖాళీ. అయినా గడప గడపకూ తిరిగి ఇంట్లో దొరికినవాళ్లందరినీ అడిగాను.

పోచమ్మ అనే ఆమె బయటి అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. నిచ్చెన బొమ్మ చూసి, "పదో మెట్టు ఎక్కితే ఏమిస్తరు?" అంది.

"ఏమియ్యమమ్మా. బాధ ఎంతుందో తెలుసుకుంటం."

"మరి ఊకె ఎందుకెక్కుత? కిందనే ఉంట. ఒకటెయ్."

మిగతా ఆడవాళ్లూ అంతే. ఒకటి, రెండు, సున్నా. పురుగుమందు మధ్యలో బతికేవాళ్లకు ఇంత తక్కువా? పోనీ. నా పని అడగడం, రాయడం. చెప్పింది చెప్పినట్టు రాశాను.

29 ఆగస్టు

మొదటి విడత అయిపోయింది. కాళ్లకు బొబ్బలు.

2 సెప్టెంబర్

మొదటి రోజా. అక్క కూడా ఉపవాసమే. సహర్‌కు తెల్లారకముందే లేచి రొట్టెలు తనే చేసింది. నూనె పొగకు దగ్గలేదు. నేను చూస్తున్నానని తనకు తెలుసు. అందుకే ఇక చూడటం మానేశాను.

9 సెప్టెంబర్

రెండో విడత. పోచమ్మ ఇంటికి తాళం. పక్కింటికీ తాళమే. పోయినసారి దొరికినవాళ్లలో ఒక్కరూ ఇంట్లో లేరు. చేనుకు నడిచాను. గట్టు మీద చాయ్ తాగేటప్పుడు పట్టుకున్నాను అందరినీ. ముందురోజే మందు కొట్టారట, నా గొంతులో కూడా గరగర. రోజా వల్ల అయ్యుంటుంది.

"పోచమ్మా, పోయినసారి అడిగినవే మళ్ల అడుగుత."

"పాత చెప్పింది పోగొట్టుకున్నవా ఏంది?"

"పోగొట్టుకోలే. పద్ధతి గిట్లనే."

"సరె అడుగు. మందు వాసన? ఎనిమిదెయ్. కిరాసిన్? దానికి గూడ ఎనిమిది. ఇంటికాడ పొయ్యి ముట్టిస్తె కక్కొస్తది."

"పోయినసారి ఒకటన్నవు కద!"

"అన్ననా? అప్పుడట్ల, ఇప్పుడిట్ల."

పక్కనున్నవాళ్లు నవ్వారు. వాళ్లూ ఏడు, ఎనిమిది అనే చెప్పారు. చెప్పింది చెప్పినట్టు రాశాను.

15 సెప్టెంబర్, వనపర్తి

శేఖర్ లెక్క తీశాడు. బల్మూర్ వైపు రెండు జవాబులూ బాగా కలిశాయి. నా ఊళ్లలో అసలు పొంతనే లేదు. డాక్టర్ గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"రెండు వారాల్లో ఒకటి ఎనిమిది అయిందంటే రెండే కారణాలు. వాళ్లు ఆలోచించకుండా చెప్పారు, లేదా నువ్వు సరిగ్గా అడగలేదు. గద్వాల ఊళ్లు వదిలేద్దాం."

"సార్, పురుగుమందు ఎక్కువ కొట్టేది అక్కడే కదా."

"అయితే ఏం చేయను? గాలివాటం జవాబులను పుస్తకంలో ఎక్కించనా?"

వారం గడువు అడిగాను. ఇచ్చారు.

మెట్లు దిగుతుంటే శేఖర్ వెంటబడి వచ్చాడు. "ముబషిరా, జర తెలివి ఉపయోగించు. కొత్త కాగితాలిస్త. మొదటిది ముందర పెట్టుకొని రెండోది నింపు. ఆడొక మెట్టు పైకి, ఈడొక మెట్టు కిందికి. సర్వేలల్ల అందరు చేసేదే. నీ కొలువు ఉంటది, ఆ ఆడోళ్ల పేర్లు లెక్కల ఉంటయి. ఎవలకు నష్టం?"

కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు.

16 సెప్టెంబర్

ఎవరికి నష్టం అని పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. పండుగ దగ్గరికొస్తోంది. గద్వాల ఊళ్లు లేకుండా ఆ పుస్తకం వస్తే, మందు చేలల్లో ఎవరికీ ఏమీ కాదన్నట్టే ఉంటుంది. నింపితే అక్కకు మేలు. నింపకపోతే...

అక్క సంగతికీ దీనికీ సంబంధం లేదు.

17 సెప్టెంబర్

నింపలేదు.

19 సెప్టెంబర్

ఈరోజు నాకు రోజా లేదు. నిన్నటి నుంచి. అమ్మకూ అక్కకూ మాత్రమే తెలుసు. నాయిన ముందు, పక్కింటివాళ్ల ముందు మామూలుగా ఎండిన మొహంతో తిరగాలి. వంటింటి తలుపు చాటున రొట్టె తిని, మూతి తుడుచుకుని బయటికొచ్చాను. వనపర్తి బస్సులో కిటికీ వైపు తిరిగి నీళ్లు తాగుతుంటే వెనక సీటు ముసలమ్మ, "రోజా లేదా బిడ్డా?" అని అడగనే అడిగింది. పానం బాగలేదన్నాను. అబద్ధానికి చెవులు వేడెక్కాయి.

అప్పుడు తట్టింది. సీసా మూత కూడా పెట్టలేదు, నీళ్లన్నీ ఒళ్లో పడ్డాయి.

క్రాసింగ్ రోజుల్లో, పగలు పదకొండింటికి, ఒళ్లు వంగే ఆడది ఇంట్లో ఎందుకు ఉంటుంది?

ముట్టయితే మాకు రోజా లేనట్టే, వాళ్లను సీడు పత్తి చేనులో అడుగు పెట్టనివ్వరు. పూత రాలుతుందని, కాయ పట్టదని వాళ్ల పట్టింపు. ఆ మూడు నాలుగు రోజులూ ఇంటి దగ్గర కూర్చోవాలి. నేను పెద్దమనిషినయ్యాకే కదా నన్ను క్రాసింగుకు పిలవడం మానేసింది. ఇది నాకు తెలియని సంగతి కాదు. పోచమ్మ అరుగు మీద ఎందుకుందో ఆమెను చూసిన క్షణంలోనే తెలుసు. తెలిసి, తల దించుకుని, పురుగుమందు వాసనకు ఎంత బాధ అని అడిగాను.

మొదటిసారి నేను అడిగింది చేనుకు దూరంగా ఉన్నవాళ్లను. రెండోసారి మందు కొట్టిన చేనులో ఉన్నవాళ్లను. మనుషులు వాళ్లే. రోజులు వేరు.

వాళ్లు గాలివాటంగా చెప్పలేదు. ఆ రోజు ఒళ్లు ఎలా ఉందో అలా చెప్పారు.

ఇదే నిజమైతే బల్మూర్ వైపు జవాబులు కలవడం మామూలే. అక్కడ క్రాసింగ్ లేదు, ఈ పట్టింపూ లేదు. రెండుసార్లూ సాయంత్రం పని నుంచి వచ్చినవాళ్లనే అడిగారు.

వనపర్తి దాకా పోకుండానే దారిలో దిగి వెనక్కి బస్సెక్కాను. ముందు పోచమ్మను అడగాలి.

20 సెప్టెంబర్

ఎలా అడగాలో దారి పొడుగునా అనుకుంటూ వెళ్లాను. అనుకున్నది ఏదీ నోట రాలేదు.

"పోచమ్మా, మొదటిసారి నేనొచ్చిన నాడు నువ్వు ఇంటికాడ ఎందుకున్నవు?"

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "నువ్వు ఆడిదానివే కదనే?"

"అవును."

"మరి తెల్వదా?"

"తెలుసు. నీ నోటితోని చెప్తెనే రాసుకుంట."

చేను గట్టు మీద పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓ యాదమ్మా, ఇటు రాయే! గింత చదువు చదివి బస్సెక్కి వచ్చి, ముట్టు సంగతి అడుగుతుంది పిల్ల! పట్నంల ముట్లు అయిపోయినయేమో!"

యాదమ్మ పక్క సాళ్లలో నుంచి వచ్చింది. ఆమె జవాబులూ ఒకటి, ఏడు. నవ్వులయ్యాక ఆమే నెమ్మదిగా అంది. "ఆ మూడు రోజులే బిడ్డా, జర నెత్తి తేలికుండేది. ఆ మూడొద్దులు చాయ్ గూడ రుచైతది. మళ్ల చేనికొచ్చిన నాడు సాయంత్రానికే మొదలు. ఇంట్ల సబ్బు వాసన గూడ పడదు."

"ఇది ఎవలకన్న చెప్పినవా?"

"మా ఆయనకు చెప్పిన. పని తప్పించుకునే సాకంటడు. ఇంటికాడుంటె మంచిగుంటవు, చేనికి రమ్మంటె రోగమొస్తదా అంటడు."

నేను రాసుకోవడం ఆపేశాను. ఆ మాట నాకు కొత్త కాదు. అదే మాట బావ అన్నాడు. అక్క అత్త అంది. నేను నోటితో అనలేదు.

మిగతావాళ్లను కూడా ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడిగాను. దాదాపు అందరిదీ అదే కారణం. ఒకామె మాత్రం పిల్లవాడికి జ్వరమొచ్చి ఆగిందట. ఆమె కూడా అప్పటికి వారంగా చేనుకు దూరమే. ఆమెవీ రెండు, ఎనిమిది.

21 సెప్టెంబర్

డాక్టర్ గారికి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. 'నెలసరి' అని రాసి కొట్టేశాను. 'ఆడవారి ఇబ్బంది' అని రాసి కొట్టేశాను. ఇబ్బంది అంటే ఆయనకేం అర్థమవుతుంది?

ఉత్తరం వద్దు. ఎదురుగా చెప్తాను.

22 సెప్టెంబర్, వనపర్తి

చెప్పాను.

"సార్, మొదటిసారి నేను అడిగినప్పుడు వాళ్లు ముట్టులో ఉన్నారు." శేఖర్ కంప్యూటర్‌లో తలపెట్టి ఏమీ లేనిదాన్ని టకటక కొట్టసాగాడు. నేను ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. చేను పట్టింపు, ఇంట్లో దొరకడం, మందు కొట్టిన మర్నాడు గట్టు మీద అడగడం, యాదమ్మ అన్న మాట, అన్నీ వరసగా చెప్పాను.

డాక్టర్ గారు కళ్లజోడు తీసి తుడిచారు.

"ఇది ఆ ఊళ్లలో అందరికీ తెలుసా?"

"అందరికీ తెలుసు సార్. నాకూ తెలుసు."

"మరి ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఇక్కడ చెప్పే సంగతి కాదనుకున్నాను సార్."

ఆయన ప్రశ్నల కాగితం దగ్గరికి లాక్కున్నారు. "నీ మాట నిజమైతే తప్పు వాళ్లది కాదు, నీదీ కాదు. ప్రశ్నది. ఎప్పుడు అని అడగలేదు మనం." పెన్నుతో ప్రతి ప్రశ్న పక్కనా రెండు గళ్లు గీశారు. పనిలో ఉన్నప్పుడు. పనికి దూరంగా ఉన్నప్పుడు. "కానీ ఇది ఇంకా నీ ఊహే. రుజువు కావాలంటే ఇప్పటిదాకా రాసినవన్నీ పక్కనపెట్టి మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈ కొత్త గళ్లతో రెండు విడతలు. పత్తి తీత అయ్యేదాకా పడుతుంది. చేస్తావా?"

"చేస్తాను సార్."

బయటికొచ్చాక శేఖర్ చాయ్ తెచ్చిచ్చాడు. నా రోజా సంగతి అడగలేదు. "నేనిచ్చిన కాగితాలు" అన్నాడు మెల్లగా. ఖాళీవి ఖాళీగానే తిరిగిచ్చేశాను.

పత్తి తీత దాకా అంటే పండుగకు ఏ కాగితమూ రాదు.

26 సెప్టెంబర్

ఇఫ్తార్ అయ్యాక అక్క తనే వచ్చి ఎదురుగా కూర్చుంది. "కొత్త ప్రశ్నలంట కద. నన్ను గూడ అడుగు."

"నువ్వు లెక్కల రావక్కా."

"లెక్కలకు రాకుంటె రాకపాయె. అడుగు."

అడిగాను. పురుగుమందు, ఇక్కడ ఒకటి, అక్కడ పది. అగరుబత్తి, ఇక్కడ రెండు, అక్కడ తొమ్మిది. సబ్బు. కిరోసిన్. అక్క ఒక్కదానికీ తడుముకోలేదు. బావ చొక్కా అనేది ప్రశ్నల్లో లేదు. అయినా తనే చెప్పింది.

"మొదటిసారి గిట్ల ఎందుకడగలేదే?" అంది చివరికి.

అడగడం రాలేదక్కా అందామనుకున్నాను. తను నా తల నిమిరి, దీపం వత్తి తగ్గించి వెళ్లింది.

ఈ పనికీ అక్కకూ సంబంధం ఉంది.

2 అక్టోబర్, రంజాన్ పండుగ

ఈద్గా నుంచి నాయిన వచ్చేసరికే బావ గడపలో ఉన్నాడు. తెల్ల లాల్చీ, ఘాటు అత్తరు.

"ఏం మరదలా, నీ పరీక్షల మీ అక్క పాసయిందా?"

నేను జవాబిచ్చేలోపే అక్క ఎదురొచ్చి సలాం చెప్పబోయి, చేత్తో నోరు మూసుకుని పెరట్లోకి పరిగెత్తింది. వాంతి చప్పుడు అందరికీ వినబడింది.

"అగో, సూడుండ్రి మామా. ఇన్నొద్దులు ఏం లేదు. నేను రాంగనే మొదలు!"

నాయిన మస్తాన్ సాధారణంగా దూది సంగతి తప్ప మాట్లాడడు. ఈరోజు బావ సంచి చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. దుకాణం మందు కంపే. అమ్మ వైపు తిరిగి, "అల్లునికి నీళ్లు కాగబెట్టు. నా కొత్త లుంగీ, అంగీ ఇయ్యి" అన్నాడు. సంచిని తీసుకెళ్లి పెరట్లో చింతకొమ్మకు తగిలించాడు.

బావ మొహం నల్లబడింది. "మందులమ్మేటోని పెండ్లానికి మందు వాసనే పడదంటె రైతులు నా మొహం మీద నవ్వరా మామా? నీ మందుకు నీ పెండ్లామే పడిపోయిందట కద అని ఇప్పటికే ఒకడన్నడు."

అసలు భయం అదన్నమాట. అత్త మాట కాదు, నాటకమూ కాదు.

పండుగ పూట గొడవెందుకని స్నానం చేసి వచ్చాడు. నాయిన బట్టల్లో మనిషి కొంచెం చిన్నగా కనబడ్డాడు. అక్క వచ్చి పక్కనే కూర్చుని సేమ్యా వడ్డించింది. ఏమీ కాలేదు. బావ చూశాడు, చూడనట్టు తిన్నాడు.

దుకాణం ఎలాగూ మూసే ఉంది కదా, ఉండి పొమ్మని అమ్మ బతిమాలింది. ఉన్నాడు.

4 అక్టోబర్

ఈరోజు ప్రయాణం. అక్క సంచి సర్దుకుంది. అమ్మ వద్దనలేక, పొమ్మనలేక గదికీ వాకిలికీ తిరుగుతోంది. నా దగ్గర కాగితం లేదు, లెక్క లేదు. కొత్త విడత ఇంకా మొదలే కాలేదు. బావకు ఏం చూపించను?

బావ నాయినతో కలిసి బొంతలు మోసి బండికెత్తి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అక్క మంచినీళ్లిచ్చి అక్కడే నిలబడింది.

"నెత్తికి గుడ్డ కట్టలే ఈ రెండొద్దులు నువ్వు" అంది.

"ఏం గుడ్డ?"

"రోజు పొద్దుగూకంగనే బిగిచ్చి కడ్తవు కద, నొస్తుందని."

బావ చెయ్యి నుదుటి మీదికి పోయింది. "పండుగ కద. దుకాణం లేదు, పరేషాన్ లేదు. ఆరాముంటి. అందుకే."

ఆ కారణం నిజమే కావచ్చు. కారణం రెండు రకాలుగా ఉన్నప్పుడు ఏం అడగాలో నాకిప్పుడు తెలుసు.

"బావా, దుకాణం మూసి ఆ డబ్బాల పక్కనే పండుకునే ఐతారం నాడు కడ్తవా, కట్టవా?"

బావ నా వైపు చూశాడు. వెక్కిరిద్దామని నోరు తెరిచాడు. మూశాడు. లోపల దూది మిషను ఆగిపోయి ఉంది, నాయిన వింటున్నాడు.

"కడ్త" అన్నాడు బావ.

ఇంకా అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

బావ లేచి పెరట్లోకి వెళ్లి చింతకొమ్మ మీది సంచి తీసుకున్నాడు. మొహం దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తనకు ఏ వాసనా తెలియనట్టుంది, మళ్లీ చూశాడు. అక్క సంచి తెచ్చి గడప దగ్గర పెట్టింది.

"అది ఉండనీ" అన్నాడు. "బస్టాండ్ కాడ ఒక గోదాం ఖాళీగుందన్నరు. డబ్బాలు ఆడ పెట్టనీకి పోయి మాట్లాడుత. మాట్లాడి ఫోన్ చేస్త."

"నిజంగ చేస్తవా?" అక్క అడిగింది.

"చేస్తనంటున్న కద. మీ చెల్లెకు చెప్పు, మా అమ్మను గీ ప్రశ్నలడగొద్దని."

నాయిన దింపి వచ్చాడు. నాగర్‌కర్నూల్ బస్సు నిండుగా ఉందట, బావ నిలబడే వెళ్లాడట.

5 అక్టోబర్

ఫోన్ రాలేదు. అక్క పొద్దున బొంత కుట్టింది, మధ్యాహ్నం అదే బొంత విప్పి మళ్లీ కుట్టింది. సాయంత్రం ఫోన్ మోగితే అందరం లేచాం. దూది కొట్టువాడు.

కొత్త కాగితాలు వచ్చాయి. రేపు ధరూర్ వైపు మొదటి బస్సు. పోచమ్మ మళ్లీ నవ్వుతుంది, నవ్వనీ. ఈసారి ఇళ్లకు కాదు, ముందు చేనుకు వెళ్తాను. ఇంట్లో ఎవరైనా కూర్చుని ఉంటే, ఎందుకున్నారో అడిగాకే మిగతావి అడుగుతాను.